పుస్తకం 'ఉందా' అని ఫోన్లో అడిగినవారికి
(కర్నూలులో శాఖా గ్రంథాలయాల సిబ్బంది శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కోసిగి నుంచో హొళగుంద నుంచో ఒక మనిషి కర్నూలు కేంద్ర గ్రంథాలయానికి వచ్చిపోవాలంటే ఆ రోజు పని పోయినట్టే. అంత దూరం వచ్చాక "ఆ పుస్తకం బయటికి పోయింది, వచ్చేవారం కనుక్కో" అంటే ఆ మనిషి మళ్ళీ మన గడప తొక్కడు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకం ఆయనా కడుతున్నాడు. ఊరు దూరమైనంత మాత్రాన ఆయన హక్కు తగ్గిపోదు. అందుకే ఆన్‌లైన్ సేవ అనగానే యాప్ చేయిద్దామా, వెబ్‌సైట్ పెడదామా అన్న చర్చలోకి నేను వెళ్ళను. "ఫలానా పుస్తకం మీ దగ్గర ఉందా?" అని ఇంటి దగ్గర నుంచే అడిగితే, నమ్మదగిన జవాబు అదే రోజు అందాలి. ఇది కుదిరితే మిగతా సేవలన్నీ దీని మీద నిలబడతాయి. ఇది కుదరకపోతే ఎంత ఖర్చు పెట్టి యాప్ చేయించినా మూడు నెలల్లో మూలన పడుతుంది.

ఆ జవాబు ఇవ్వాలంటే ముందు మనకు తెలియాలి కదా, ఉందో లేదో. కాబట్టి కేటలాగ్‌తో మొదలుపెడదాం. ఈ రోజు ఎక్కువ సేపు దీని మీదే మాట్లాడతాను.

చాలా శాఖల్లో అక్సెషన్ రిజిస్టరే, అంటే వచ్చిన ప్రతి పుస్తకానికీ నంబరు వేసి రాసుకునే రిజిస్టరే, కేటలాగ్. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలనగానే మొదటి పేజీ మొదటి వరుస నుంచి మొదలుపెడతారు. అలా చేయకండి. 20,000 పుస్తకాలున్నాయి అనుకోండి. రోజుకు 100 ఎక్కించినా 200 పనిదినాలు పడుతుంది. మధ్యలో బదిలీ వస్తుంది, ఎన్నికల డ్యూటీ వస్తుంది, పని సగంలో ఆగుతుంది. ఆ ఎక్కించిన సగంలో 1960ల నాటివి, ఎవరూ అడగనివి ఉంటాయి. అందరూ అడిగేవి ఉండవు. అందుకని కదిలే పుస్తకాలు ముందు ఎక్కించండి. ఇష్యూ రిజిస్టరు తీసి పోయిన ఏడాదిలో బయటికి వెళ్ళినవి చూడండి. పోటీ పరీక్షల పుస్తకాలు, పిల్లల పుస్తకాలు, మన సీమ రచయితలవి, స్థానిక చరిత్ర ముందు రావాలి. మిగతావి తర్వాత తీరిగ్గా.

గూగుల్ షీట్‌తో మొదలుపెట్టవచ్చు. ఒక్కో పుస్తకానికి ఎనిమిది గళ్ళు చాలు: అక్సెషన్ నంబరు, పుస్తకం పేరు తెలుగులో, అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, రచయిత, ప్రచురణ సంవత్సరం, విషయం, బీరువా నంబరు, చివరగా 'ఉంది' లేదా 'బయట ఉంది'. ఒక షీట్‌లో కోటి గళ్ళ దాకా పడతాయి. 20,000 పుస్తకాలకు మనం వాడేది లక్షా అరవై వేలే. జాగా చాలదన్న బెంగ లేదు. కాకపోతే అంత షీట్ చిన్న ఫోన్లో తెరుచుకోవడానికి సమయం పడుతుంది కాబట్టి విషయాలవారీగా విడగొట్టి పెట్టండి. బయటివాళ్ళకు ఇచ్చే లింకు 'చూడటానికి మాత్రమే' అని ఉండాలి. పుస్తకం ఎవరు తీసుకెళ్ళారన్నది ఈ షీట్‌లో ఎప్పుడూ రాయకండి, దానికి వేరే షీట్ ఉండాలి. ఎవరు ఏం చదువుతున్నారన్నది ఊరందరికీ తెలియాల్సిన సంగతి కాదు.

ఇక్కడ జరిగే తప్పులు కొన్ని చెబుతాను, రాసుకోండి. ఎక్సెల్‌లో 00457 అని కొడితే అది 457 అయిపోతుంది. ముందున్న సున్నాలు మాయం. తర్వాత మరో సాఫ్ట్‌వేర్‌లోకి మార్చేటప్పుడు రిజిస్టరు నంబరుకూ దీనికీ పొంతన కుదరదు. ఐఎస్‌బీఎన్ (పుస్తకం అట్ట మీద ఉండే గుర్తింపు సంఖ్య) కూడా రాసుకుందామని 13 అంకెలు కొడితే మధ్యలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం, ప్లస్ గుర్తు చేరి ఏదో శాస్త్రీయ సంఖ్యలా మారుతుంది. అందుకని ఒక్క అంకె కూడా కొట్టకముందే ఆ రెండు నిలువు వరుసలనూ 'టెక్స్ట్' ఫార్మాట్‌లోకి మార్చండి. కొట్టాక మారిస్తే పోయిన సున్నాలు వెనక్కి రావు. ఇంకొకటి, ఎక్సెల్ ఫైలును మరో సాఫ్ట్‌వేర్ చదవగల సాదా పట్టికగా, అంటే సీఎస్‌వీగా దాచేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అని ఉన్నదే ఎంచుకోవాలి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు అంతా ప్రశ్నార్థకాలై కూర్చుంటుంది.

కొన్ని చోట్ల పదిహేనేళ్ళ కిందట డీటీపీలో కొట్టించిన పుస్తక జాబితాలున్నాయి. అవి అను ఫాంట్లలో ఉంటాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో చక్కగా కనిపిస్తుంది. ఫోన్లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి, ఎందుకంటే లోపల ఉన్నది తెలుగు కాదు, తెలుగు బొమ్మ తొడుక్కున్న ఇంగ్లీషు అక్షరాలు. వాటిని పారేయకండి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక మాత్రం ఒక మనిషి కూర్చుని ఒత్తుల దగ్గర సరిచూడాలి.

ఇప్పుడు అసలు చిక్కు. తెలుగులో వెతుకులాట. గడిచర్ల హరిసర్వోత్తమరావు గారి పేరే తీసుకోండి. ఈ కర్నూలులోనే 1883లో పుట్టి, గ్రంథాలయోద్యమానికి జీవితం ధారపోసిన మనిషి. ఆయన పేరును ఒకరు ఒకే ముక్కగా రాస్తారు, ఒకరు 'హరి సర్వోత్తమ రావు' అని మూడు ముక్కలు చేస్తారు, ఇంకొకరు ఇంటిపేరు చివర పెడతారు. కంప్యూటర్‌కు ఈ ముగ్గురూ వేర్వేరు మనుషులు. 'కథ' అని ఒకరు, 'కధ' అని ఒకరు. 'గ్రంథం' అని ఒకరు, 'గ్రంధం' అని ఒకరు. వీటికి తోడు కంటికి కనిపించని చిక్కు మరొకటి ఉంది. 'రాజ్‌కుమార్' అన్నప్పుడు క అక్షరం జకు ఒత్తుగా మారకుండా ఆపడానికి మధ్యలో ఒక కనిపించని గుర్తు పడుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. అది ఉన్న మాట కోసం లేకుండా వెతికితే 'ఏమీ దొరకలేదు' అని వస్తుంది. పుస్తకమేమో మన బీరువాలోనే ఉంటుంది.

దీనికి ముందుగా చేయాల్సింది, రచయిత పేరుకు ఒకే రూపం నిర్ణయించి గోడకు అంటించడం. ఎవరు కొట్టినా అదే రూపం. ఆ తర్వాత నేను ఇందాక చెప్పిన ఇంగ్లీషు అక్షరాల వరుస. పాఠకుల్లో చాలామంది ఫోన్లో తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. అదే వరుసలో పుస్తకం పేరును రెండు మూడు రకాలుగా రాయండి, 'టి' ఒక్కటీ పెట్టి ఒకసారి, 'టి హెచ్' పెట్టి ఒకసారి. పేరున్న పెద్ద సాఫ్ట్‌వేర్‌కు మారినా ఈ శ్రమ వృథా పోదు. పుస్తకాల వివరాలు రాయడానికి గ్రంథాలయాలు వాడే మార్క్ పద్ధతిలో పుస్తకం అసలు పేరుకు 245, పేరుకు ఇతర రూపాలు రాయడానికి 246 అని ప్రత్యేకంగా గళ్ళున్నాయి. ఈ వరుస నేరుగా అక్కడికి వెళుతుంది.

పెద్ద సాఫ్ట్‌వేర్ అంటే మన ముందు రెండున్నాయి. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ వాళ్ళ ఈ-గ్రంథాలయ ప్రభుత్వ గ్రంథాలయాల కోసం తయారైంది. నాలుగో వెర్షన్ క్లౌడ్‌లో నడుస్తుంది కాబట్టి శాఖలో సర్వర్ అక్కరలేదు. కోహా ఉచితం. 2000లో న్యూజిలాండ్‌లోని ఒక చిన్న గ్రంథాలయ సంస్థలో వాడకం మొదలై ప్రపంచమంతా పాకింది. చాలా బాగుంటుంది. కానీ లినక్స్ సర్వర్ చూసుకునే మనిషి ఉండాలి. ఆ మనిషి లేకుండా కోహా పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. సర్వర్ ఆగిన రోజు మన కేటలాగ్ మొత్తం ఆగుతుంది. బ్యాకప్ తీసేవాళ్ళు లేకపోతే ఏడాది శ్రమ ఒక్క హార్డ్‌డిస్కుతో పోతుంది. జిల్లా స్థాయిలో ఒకచోట పెట్టి శాఖలన్నీ దానికే కలవడం నయం.

సరే, కేటలాగ్ ఉంది. ఇప్పుడు పాఠకుడు అడిగే దారి కావాలి. వాట్సాప్ బిజినెస్ చాలు, డబ్బు కట్టనక్కరలేదు. సిమ్ మాత్రం గ్రంథాలయం పేరు మీద ఉండాలి. మీ సొంత నంబరు ఇవ్వకండి. రాత్రి పదకొండు గంటలకు కూడా మెసేజీలు వస్తాయి. మీరు బదిలీ అయి వెళితే ఆ సేవ మీతోనే పోతుంది.

అందులో మూడు సౌకర్యాలు వెంటనే అమర్చుకోండి. పని వేళలు కానప్పుడు దానంతటదే వెళ్ళే సందేశం ఒకటి: "నమస్కారం. గ్రంథాలయం మూసి ఉంది. మీ ప్రశ్నకు రేపు ఉదయం 11 గంటలలోగా జవాబు ఇస్తాం." గంట చెప్పడం ముఖ్యం. 'త్వరలో' అంటే ఎవరూ నమ్మరు. రెండోది సిద్ధంగా దాచిపెట్టుకునే జవాబులు, ఏటవాలు గీత (/) గుర్తు కొట్టి ఒక మాట రాస్తే మొత్తం సందేశం వచ్చేస్తుంది. మూడోది లేబుళ్ళు: కొత్తది, వెతుకుతున్నాం, పక్కన పెట్టాం, పంపించాం. ఉదయం రాగానే 'వెతుకుతున్నాం' లేబుల్ నొక్కితే నిన్నటి బాకీ అంతా కనిపిస్తుంది.

"సార్, గ్రూప్ టూ ఎకానమీ పుస్తకం ఉండాదా?" అని వచ్చింది అనుకోండి. షీట్‌లో 'ఉంది' అని కనిపించగానే 'ఉంది' అని కొట్టకండి. లేచి బీరువా దగ్గరికి వెళ్ళండి. షీట్‌లో ఉన్న పుస్తకం ఆ నిమిషంలో చదువుకునే బల్ల మీద ఒకరి చేతిలో ఉండవచ్చు, వేరే అరలో పెట్టి ఉండవచ్చు. పుస్తకం మీ చేతిలోకి వచ్చాక, అందులో పేరూ తేదీ రాసిన చీటీ పెట్టి, కౌంటర్ వెనక అరలో ఉంచి, అప్పుడు రాయండి: "మీరడిగిన పుస్తకం ఉంది. 2022 ముద్రణ. మీ పేరిట పక్కన పెట్టాం. శనివారం సాయంత్రంలోగా రండి, లేదంటే వరుసలో తర్వాతివారికి ఇస్తాం." ముద్రణ సంవత్సరం ఎందుకంటే, పోటీ పరీక్షలవాళ్ళకు పాత ముద్రణ పనికిరాకపోవచ్చు. అది వాళ్ళు ఇంటి దగ్గరే తేల్చుకోవాలి, ఇక్కడికి వచ్చాక కాదు.

గ్రూపుల గురించి ఒక మాట. పాఠకులందరినీ ఒకే వాట్సాప్ గ్రూపులో వేయకండి. గ్రూపులో ప్రతి ఒక్కరి నంబరు అందరికీ కనిపిస్తుంది. అమ్మాయిలకు తెలియనివాళ్ళ నుంచి మెసేజీలు మొదలవుతాయి, వాళ్ళు ఎవరికీ చెప్పకుండా గ్రూపు వదిలేస్తారు, దాంతో గ్రంథాలయాన్నీ వదిలేస్తారు. ప్రకటనలకు ఛానెల్ పెట్టండి, అందులో చేరినవాళ్ళ నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. బ్రాడ్‌కాస్ట్ జాబితా కూడా వాడవచ్చు, ఒక్కోదానిలో 256 మంది దాకా. అయితే మన నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. "పంపాం కదా, చూడలేదా" అని మనం అనుకుంటాం, అసలు వాళ్ళకు వెళ్ళనే వెళ్ళదు. సభ్యత్వం ఇచ్చేటప్పుడే వాళ్ళ ఫోన్లో మన నంబరు సేవ్ చేయించండి.

సభ్యత్వానికి ఆధార్ ఫోటో వాట్సాప్‌లో పంపమనకండి. అది ఆ ఫోన్ గ్యాలరీలో ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. చూపించి వెళ్ళేలా పెట్టండి. తప్పనిసరైతే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ అడగండి, పని కాగానే తుడిచేయండి.

ఇక పుస్తకం పేరు చెప్పకుండా విషయం అడిగేవాళ్ళు. గ్రంథాలయాధికారి విలువ తెలిసేది ఇక్కడే, గూగుల్ చేయలేని పని చేయగలిగేదీ ఇక్కడే.

"ఆదోని కోట గురించి సమాచారం కావాలి" అని ఒకరు అడిగారు. వెంటనే జవాబు వెతక్కండి. ఎదుట కూర్చున్న మనిషైతే మాటల్లో తెలుస్తుంది. ఫోన్లో మనమే అడగాలి. ఎందుకోసం, ఎప్పటిలోగా, తెలుగులోనే కావాలా, ఇంగ్లీషైనా పర్వాలేదా. ఎనిమిదో తరగతి ప్రాజెక్టుకైతే ఒక పేజీ చాలు. పీహెచ్‌డీ విద్యార్థికి అది పనికిరాదు. ఇప్పుడు ఆదోని కర్నూలు జిల్లాలో ఉంది కాబట్టి చాలామంది 1886లో అచ్చయిన కర్నూలు జిల్లా మాన్యువల్ (బ్రిటిష్ కాలపు జిల్లా వివరాల గ్రంథం) తీస్తారు. అందులో దొరకదు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లాలో ఉండేవి. కాబట్టి తీయాల్సింది 1904 నాటి బళ్ళారి గెజిటీర్. బనగానపల్లె గురించి అడిగితే అది 1948 దాకా సంస్థానం. జిల్లా కాగితాల్లో కన్నా సంస్థానాల కాగితాల్లో వెతకాలి. కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) గురించి అడిగితే మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ పేరుతో వెతకాలి. సుంకేసుల దగ్గర ఆ పని మొదలుపెట్టింది ఆ ప్రైవేటు కంపెనీయే, ప్రభుత్వం 1882లో దాన్ని కొనుక్కుంది. ఏ ప్రాంతం ఎప్పుడు ఏ జిల్లాలో ఉందో, పాత స్పెల్లింగు ఏమిటో ఒక పేజీ పట్టిక రాసుకుని ప్రతి శాఖలోనూ ఉంచుకుంటే సగం ప్రశ్నలు తేలిపోతాయి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరే జిల్లా అయింది కాబట్టి ఈ గందరగోళం ఇంకా పెరుగుతుందే గానీ తగ్గదు.

జవాబు పంపేటప్పుడు ఎక్కడి నుంచి తీసుకున్నామో, ఏ పేజీయో తప్పక రాయండి. ఇచ్చిన ప్రతి జవాబునూ ఒక షీట్‌లో దాచండి. అదే ప్రశ్న ఆరు నెలలకు మళ్ళీ వస్తుంది.

పేజీలు ఫోటో తీసి పంపమంటారు. తీయడం నేర్చుకోవాల్సిన పనే. కిటికీ పక్కన, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. ఫ్లాష్ వేస్తే నున్నటి కాగితం మీద తెల్లటి మచ్చ పడి అక్షరాలు పోతాయి. పాత పుస్తకాన్ని బల్ల మీద పూర్తిగా పరచకండి, వెన్ను విరుగుతుంది. ఒక పక్క అట్టకు కింద మరో పుస్తకం ఆసరా పెట్టి, సగం తెరిచి, ముందు కుడి పేజీలన్నీ, తర్వాత ఎడమ పేజీలన్నీ తీయండి. పేజీ నంబరు ఫోటోలో పడాలి. మన దగ్గర దాచుకునే ప్రతికి స్పష్టత 300 డీపీఐ ఉండాలి, పాఠకుడికి పంపేదానికి 150 డీపీఐ నలుపు తెలుపు చాలు. వాట్సాప్‌లో 'ఫోటో'గా పంపితే కుదించేస్తుంది, చిన్న ఒత్తులు అలుక్కుపోతాయి. పీడీఎఫ్ చేసి 'డాక్యుమెంట్'గా పంపండి. పది పేజీలకు రెండు మూడు ఎంబీ దాటకపోతే పల్లెలో సిగ్నల్ బలహీనంగా ఉన్నా దిగుతుంది.

(సభలో ఒకరు: పుస్తకం మొత్తం స్కాన్ చేసి పంపమంటే ఏం చేయాలి?)

మంచి ప్రశ్న. హక్కులున్న పుస్తకమైతే పంపకూడదు. కాపీరైటు చట్టం 1957లో 52వ సెక్షన్ చదవండి. సొంత చదువుకు, పరిశోధనకు ఒక వ్యక్తికి కొన్ని పేజీలు ఇవ్వడం 'న్యాయమైన వాడకం' కిందికి వస్తుంది. మన దగ్గర అచ్చు ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్ ప్రతి చేసుకోవడానికి 2012 సవరణ తర్వాత వీలుంది. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి గ్రంథాలయం వాడకం కోసం మూడు ప్రతుల దాకా చేసుకోవచ్చు. ఈ రెండింటిలో ఏదీ పుస్తకం మొత్తాన్ని టెలిగ్రామ్‌లో పెట్టడానికి అనుమతి కాదు. పోటీ పరీక్షల పుస్తకాల పీడీఎఫ్‌లు ఎన్నో గ్రూపుల్లో తిరుగుతున్నాయి. ఒక ప్రభుత్వ గ్రంథాలయం నంబరు నుంచి అవి వెళ్ళకూడదు. దినపత్రికల ఈ-పేపర్లూ అంతే, లింకు పంపండి, ఫైలు కాదు.

హక్కులు తీరిన పుస్తకం వేరు. రచయిత చనిపోయిన సంవత్సరం ముగిసినప్పటి నుంచి 60 ఏళ్ళు లెక్క. హరిసర్వోత్తమరావు గారు 1960లో పోయారు. 2020 డిసెంబరు 31తో గడువు తీరింది, 2021 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరివీ. పుట్టపర్తి నారాయణాచార్యులు గారు 1990లో పోయారు కాబట్టి 2050 చివరిదాకా హక్కులుంటాయి, వారసుల అనుమతి కావాలి. అనువాదమైతే అనువాదకుడి లెక్క కూడా చూడాలి. మూల రచయిత పోయి నూరేళ్ళయినా అనువాదకుడి హక్కు బతికే ఉండవచ్చు. ముందుమాట రాసినవారిదీ వేరే లెక్కే.

స్కాన్ చేసిన పీడీఎఫ్ ఒక బొమ్మ. అందులో మాట వెతకలేం, చూపు లేనివారి ఫోన్ దాన్ని చదవలేదు. గూగుల్ డ్రైవ్‌లో ఆ ఫైలు పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మారుస్తుంది. ఫైలు 2 ఎంబీ లోపు ఉండాలి, అందుకే కొన్ని పేజీల చొప్పున విడగొట్టి పెట్టండి. రెండు కాలమ్‌ల పేజీలో వరుసలు కలిపేస్తుంది, ముందే నిలువుగా కత్తిరించుకోండి. ప, ష, ఫ దగ్గర, ధ, థ దగ్గర పొరబడుతుంది, మనిషి చూడక తప్పదు. చూపు లేని పాఠకుల కోసం అందుబాటు రూపంలోకి మార్చుకోవడానికి చట్టమే వీలు కల్పించింది. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో అలాంటి పుస్తకాలున్నాయి. వైకల్య ధ్రువపత్రంతో సభ్యత్వం తీసుకోవాలి, ఆ దరఖాస్తు నింపడంలో మీరు తోడుండాలి.

మన దగ్గర లేని పుస్తకానికి ఎక్కడికి పంపాలి? ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ గ్రంథాలయం ఒకటి. మెయిల్‌తో పేరు నమోదు చేసుకోవాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, మెయిల్ పాస్‌వర్డ్ గుర్తుండదు. అందులో కొన్ని కేవలం వివరాలే, పుస్తకం తెరుచుకోదు. వెతికేటప్పుడే అందరికీ తెరిచి ఉన్నవి మాత్రమే చూపమని వడపోసుకోవాలి. పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లెక్కలేనన్ని ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసినవి అక్కడికి చేరాయి. పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్ళు ఎక్కించినవి. మొత్తం పేరు కొడితే దొరకదు. పేరులో ఒక్క గట్టి ముక్క, రచయిత ఇంటిపేరు కలిపి, రెండు మూడు స్పెల్లింగులతో ప్రయత్నించండి. దొరికిన లింకును తెరిచి, పేజీలన్నీ ఉన్నాయో లేదో తిప్పి చూసి, తర్వాతే పంపండి. కొన్ని స్కాన్లలో మధ్య పేజీలు ఉండవు.

పిల్లల సంగతికి వస్తాను. మన జిల్లా పడమటి మండలాల్లో మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు వలస వెళతాయి, పిల్లలూ వెంట వెళతారు. వాళ్ళు నెలల తరబడి దూరంలో ఉండే మన పాఠకులే. వాళ్ళ దగ్గర స్మార్ట్‌ఫోన్ లేకపోవచ్చు, కీప్యాడ్ ఫోన్ ఉంటుంది, అందులో మెమరీ కార్డు ఉంటుంది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచిత లైసెన్సుతో ఉన్నాయి. రచయిత, బొమ్మలు వేసినవారు, సంస్థ పేర్లు చెబితే చదివి రికార్డు చేసి పంచవచ్చు. ఐదు నిమిషాల కథను ఎంపీ3లో, మోనోలో, 32 కేబీపీఎస్‌లో దాస్తే సుమారు 1.2 ఎంబీ. యాభై కథలు 60 ఎంబీలో పడతాయి. వలస బయలుదేరే ముందే, బడి పంతులు గారితో మాట్లాడి, ఆ కార్డుల్లోకి ఎక్కించి పంపండి. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ళకు దీక్ష యాప్‌లో పాఠాలు ముందే డౌన్‌లోడ్ చేసి ఇవ్వండి, పొలం దగ్గర నెట్ ఉంటుందో లేదో. నా లెక్కలో ఆన్‌లైన్ కథా సమయాల కన్నా ఇది ఎక్కువ మందికి అందుతుంది. గూగుల్ మీట్‌లో కథా సమయం పెట్టేవాళ్ళు ఉచిత ఖాతాకు 60 నిమిషాల గడువు ఉంటుందని గుర్తుంచుకోండి. పిల్లలకు అరగంట చాలు.

పుస్తకాన్నే పంపాల్సి వస్తే శాఖల మధ్య వారానికి ఒక సంచీ తిప్పడం అన్నిటికన్నా చవక. ఆ వీలు లేనిచోట, పుస్తకాల కోసం తపాలా శాఖ 2025 మే 1న మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్ వాడండి. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంటుంది, విమానంలో కాక నేల మార్గంలో వెళుతుంది కాబట్టి తొందర పనులకు కాదు. డెమీ సైజులో 200 పేజీల పుస్తకం చుట్టిన కవరుతో కలిపి 300 గ్రాముల లోపే తూగుతుంది. పోటీ పరీక్షల లావు గైడు కిలో దాటుతుంది. ముందు పాలిథీన్‌లో చుట్టి, మూలలకు అట్ట ముక్కలు పెట్టండి. పంపే ముందు అట్టనూ, చిరిగిన పేజీలుంటే వాటినీ ఫోటో తీసి పాఠకుడికి పంపండి, తిరిగి వచ్చాక తగువు ఉండదు. తిరుగు ఖర్చు ఎవరిదన్నది మొదటే రాసి చెప్పండి. ఈ పద్ధతి ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే, వెళ్ళే పుస్తకానికి మనం కడతాం, వచ్చే పుస్తకానికి ఎవరూ కట్టరు. మన చిరునామా రాసిన కవరు లోపలే పెట్టి పంపితే తిరిగి రావడం తేలికవుతుంది.

ఇవన్నీ ఒక సిమ్ మీద, ఒక మెయిల్ మీద ఆధారపడ్డాయి. రీఛార్జి ఆగి 90 రోజులు వాడకం లేకపోతే నంబరు పోవచ్చు, తర్వాత వేరేవాళ్ళకు వెళ్ళవచ్చు. పాఠకులు పంపే ప్రశ్నలు ఎవరో తెలియని మనిషికి చేరుతాయి. రీఛార్జి తేదీని కార్యాలయ క్యాలెండరులో రాయండి. మెయిల్‌కు రికవరీ నంబరుగా గ్రంథాలయం సిమ్ ఇవ్వండి, ఉద్యోగిది వద్దు. రెండంచెల భద్రతకు ఇచ్చే బ్యాకప్ కోడ్లు అచ్చు తీసి, కవరులో సీలు వేసి, బీరువాలో పెట్టండి. వాట్సాప్‌ను ఒక ఫోన్‌తో పాటు మరో నాలుగు పరికరాల్లో తెరవచ్చు, అసలు ఫోన్‌ను 14 రోజులకు ఒకసారైనా తెరవకపోతే అవన్నీ ఆగిపోతాయి. బదిలీ మీద వెళ్ళేవారు స్టాకు అప్పగించినట్టే ఈ నంబరు, మెయిల్, షీట్ యాజమాన్యం, గూగుల్ మ్యాప్స్‌లో గ్రంథాలయం వేళలు మార్చే అధికారం రాతపూర్వకంగా అప్పగించాలి, వచ్చినవారు అక్కడికక్కడే పాస్‌వర్డ్ మార్చాలి.

ఇప్పుడు ఫోన్లు తీయండి. గ్రంథాలయం సిమ్ తెచ్చుకున్నవాళ్ళు ముందు వరుసకు రండి, వాట్సాప్ బిజినెస్ ఎక్కించి ఆ మొదటి సందేశం ఇక్కడే రాద్దాం. సిమ్ తేనివాళ్ళు పక్క గదిలో కంప్యూటర్ల దగ్గర షీట్ తెరిచి, అక్సెషన్ నంబరు వరుసను టెక్స్ట్‌లోకి మార్చడంతో మొదలుపెట్టండి.